ఎండు మల్బరీతో చాక్లెట్: తడి లెక్క తప్పకుండా

(చిన్న తరహా చాక్లెట్ తయారీదారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మల్బరీ అనగానే మనకు హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగుల కోసం పెంచే తోటలు గుర్తొస్తాయి. ఈరోజు మాట్లాడుకునే పండు ఆ తోటలది కాదు. అక్కడ ఆకు కోసం ఎప్పటికప్పుడు కొమ్మలు నరుకుతూ ఉంటారు, పండు మీద ఎవరికీ పెద్దగా దృష్టి ఉండదు. డ్రైఫ్రూట్ దుకాణాల్లో షహతూత్ పేరుతో అమ్మే లేత గోధుమరంగు ఎండు పండు తెల్ల మల్బరీ. అఫ్ఘానిస్తాన్, ఇరాన్, తజికిస్తాన్‌లోని పామీర్ లోయలు, టర్కీ తూర్పు జిల్లాలు ఈ ఎండు సరుకుకు సొంత ఊళ్లు. అక్కడ శతాబ్దాలుగా చలికాలం తిండిగా దాచుకున్న సరుకు ఇది. అఫ్ఘానిస్తాన్‌లో ఎండు మల్బరీని అక్రోటుతో కలిపి దంచి తల్ఖాన్ చేస్తారు. టర్కీలో ఎర్జింజాన్ జిల్లా కెమాలియే వాళ్లు ఇదే జతను లోక్ అంటారు. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, ఫిల్లింగ్ దగ్గర మళ్లీ వస్తాయి.

రుచి సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఏ చాక్లెట్‌తో కలపాలన్నది దాన్నిబట్టే తేలుతుంది. తెల్ల మల్బరీలో తేనె, అంజూర కలిసిన తీపి ఉంటుంది. పులుపు దాదాపు లేదు. బరువులో సగానికి పైగా గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లే. దీన్ని మిల్క్ చాక్లెట్‌లో వేస్తే తీపి మీద తీపి పడి రెండు ముక్కలకే మొహం మొత్తుతుంది. కోకో 70 శాతం ఉన్న డార్క్ చాక్లెట్‌లోనే ఇది రాణిస్తుందని నా అభిప్రాయం. గింజ పులిసినప్పటి ఆమ్లం కాస్త మిగిలిపోయిన కోకో అయితే ఇంకా బాగు, పండు తీపి ఆ పులుపును సర్దేస్తుంది. మిల్క్ చాక్లెట్‌లోనే కావాలనుకుంటే కిలోకు 2, 3 గ్రాముల ఉప్పు పలుకులు పైన చల్లండి.

ఇక అసలు విషయం, తడి. ఈ ఉత్పత్తిలో గెలుపోటములు చాక్లెట్ కరగకముందే తేలిపోతాయి.

చాక్లెట్‌లో తేమ 1 శాతం లోపే ఉండాలి. అంటే కిలో చాక్లెట్‌లో 10 గ్రాముల నీళ్లు కూడా లేవు. అది దాటితే పంచదార రేణువులు ఒకదానికొకటి అంటుకుని చాక్లెట్ ముద్దకడుతుంది. బజారులో కొన్న మల్బరీలో తేమ 14 శాతం ఉందనుకోండి. కిలో బార్లలో 150 గ్రాముల పండు వేస్తే 21 గ్రాముల నీళ్లు వేసినట్టే. చుట్టూ ఉన్న చాక్లెట్ మొత్తంలో ఉన్నదానికి రెండింతలకు పైమాటే. ఆ నీళ్లు పండులోనే కూర్చుంటే గొడవ లేదు, కానీ కూర్చోవు.

ఎందుకు కూర్చోవో చెప్పేది వాటర్ యాక్టివిటీ. తేమ శాతం ఎంత నీరుందో చెప్తుంది. వాటర్ యాక్టివిటీ ఆ నీటిలో కదలగలిగింది ఎంతో చెప్తుంది. నీరు ఎప్పుడూ ఎక్కువ యాక్టివిటీ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు పోతుంది. చాక్లెట్ యాక్టివిటీ 0.3, 0.4 మధ్య ఉంటుంది. మెత్తగా, చేతికి అంటుకునే మల్బరీది 0.55 పైన ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే వారాల తరబడి నీరు పండు నుంచి చాక్లెట్‌లోకి జరుగుతూనే ఉంటుంది. పండు కుంచించుకుపోయి చుట్టూ సన్నని ఖాళీ పడుతుంది, దాని మీది చాక్లెట్ చిట్లుతుంది. పండును ఆనుకున్న చోట చాక్లెట్ ఇసుకలా పలుకుపలుకుగా మారి తెల్లబడుతుంది. దీన్ని చాలామంది టెంపరింగ్ (చాక్లెట్ మెరుపుతో గట్టిపడేలా లెక్క ప్రకారం వేడిచేసి చల్లార్చే పని) తప్పు అనుకుని టెంపరింగ్ యంత్రంతో కుస్తీపడతారు. బార్‌ను అడ్డంగా కోసి చూడండి. తెల్లదనం పండు చుట్టూ రింగులా మాత్రమే ఉంటే అది తడి పని. బార్ అంతటా పైపొరలో చారలుగా ఉంటే అప్పుడు టెంపరింగ్‌ను అనుమానించండి.

కాబట్టి లోపల వేసే పండు 0.40 లేదా అంతకంటే తక్కువ యాక్టివిటీకి దిగాలి. తేమలో చెప్పాలంటే సుమారు 5, 6 శాతం.

సరుకు కొనేటప్పుడు ఏం చూడాలంటే: చెట్టు కింద గుడ్డలు పరిచి కొమ్మలు దులిపి పండ్లు రాలుస్తారు, మిద్దెల మీదో బండల మీదో ఆరబోస్తారు. అందుకే మట్టి, ఇసుక, పుల్లలు, ఆకు తునకలు దీనికి పుట్టుకతో వచ్చినవే. 100 గ్రాముల పండును లీటరు గోరువెచ్చని నీళ్లలో వేసి ఒక నిమిషం కలిపి, పండ్లు తీసేసి, నీళ్లు మెల్లగా వంపండి. అడుగున మిగిలింది వేళ్ల మధ్య నలిపి చూడండి. కరకరలాడితే ఆ లాట్ వద్దు. మల్బరీ పైపొర గుత్తులు గుత్తులుగా సందులతో ఉంటుంది, ఆ సందుల్లో చేరిన ఇసుకను పొడిగా జల్లించి తీయలేం. కడిగితే పోతుంది కానీ చక్కెర కరిగి పండు జిగురవుతుంది, మళ్లీ ఆరబెట్టే ఖర్చు మీద పడుతుంది. శుభ్రమైన సరుకును కిలోకు కొంత ఎక్కువ పెట్టి కొనడమే చవక.

పండు మీద తెల్లటి పూత కనిపిస్తే కంగారు పడొద్దు, అలాగని వదిలేయొద్దు. లోపలి గ్లూకోజ్ పైకొచ్చి స్ఫటికాలు కట్టినా తెల్లగానే ఉంటుంది, బూజు పట్టినా తెల్లగానే ఉంటుంది. భూతద్దం కింద గ్లూకోజ్ మెరుస్తుంది, ఒక నీటిచుక్క వేస్తే కరిగి మాయమవుతుంది. బూజు నూలుపోగుల్లా లేస్తుంది, చుక్క వేస్తే తడిసి అక్కడే ఉంటుంది. వాసన కూడా చూడండి. సారా వాసనో పులిసిన వాసనో వస్తే ఎండేలోపే పండు పులిసింది. నాలుగైదు పండ్లు సన్నని దారంతో అతుక్కుని కనిపిస్తే ఎండు పండ్ల చిమ్మట లోపల కాపురం పెట్టిందన్నమాట, ఆ సంచి మీ గదిలోకే రాకూడదు.

పైకి కనపడని పురుగు, గుడ్ల కోసం వచ్చిన సరుకు మొత్తాన్ని సీల్ చేసిన సంచుల్లో మైనస్ 18 డిగ్రీల దగ్గర వారం పాటు ఉంచండి. సంచులు పలచగా పరవాలి. 10 కిలోల సంచులు ఒకదానిమీద ఒకటి పేరిస్తే మధ్యలోకి చలి చేరడానికే రోజులు పడుతుంది. బయటికి తీశాక ఒకరోజంతా సంచి విప్పొద్దు. చల్లటి పండు మీద గాలిలోని తేమ చెమటలా పట్టేస్తే ఇప్పటిదాకా చేసిందంతా వృథా.

కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా సంగతి ఇంకా ముఖ్యం. 60 డిగ్రీల డ్రయర్ దాన్ని చంపదు. 45 డిగ్రీల్లో కరిగించిన చాక్లెట్ అసలే చంపదు. పైగా తడి లేని చాక్లెట్‌లో అది నెలల తరబడి బతుకుతుంది, కొవ్వు కవచంలా కాపాడటంతో కొద్ది కణాలు కడుపులోకి వెళ్లినా మనిషిని పడగొడతాయి. మీ దగ్గర దాన్ని చంపే మెట్టు లేదు కనుక ఆవిరితో శుద్ధి చేసిన సరుకే అడగండి. లాట్‌వారీగా 25 గ్రాముల్లో సాల్మొనెల్లా లేదనే ల్యాబ్ రిపోర్టు, దాంతోపాటు అఫ్లాటాక్సిన్, ఓక్రాటాక్సిన్ అనే బూజు విషాల పరీక్షలు కూడా తీసుకోండి. రంగు మరీ తెల్లగా ఉంటే గంధకం పొగ వేశారేమో అడగండి. ఆ పొగ వల్ల పండులో మిగిలే సల్ఫైటు కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే లేబుల్ మీద అలర్జెన్‌గా (అలర్జీ తెచ్చే పదార్థంగా) రాయాలి.

ఇప్పుడు ఆరబెట్టడం. 4 మిల్లీమీటర్ల రంధ్రాల జల్లెడలో దుమ్ము, తునకలు పోగొట్టి, తెల్లటి వెలుతురు బల్ల మీద చేత్తో ఏరి, అయస్కాంతం మీదుగా పంపాక ట్రే డ్రయర్‌లో ఒకే పొరగా పరవండి. 55 నుంచి 60 డిగ్రీలు. మొదటి తడిని బట్టి 4 నుంచి 8 గంటలు పడుతుంది, మధ్యలో ఒకసారి తిప్పాలి. తొందరపడి 70 దాటిస్తే పండులోని చక్కెర, ప్రోటీన్ కలిసి ఎరుపెక్కుతాయి. మొదట పాకం వాసన బాగానే అనిపిస్తుంది, తర్వాత చేదు మిగులుతుంది, మల్బరీ రుచి పోతుంది.

ఎప్పుడు ఆపాలో కంటితో తెలీదు. వేడిగా ఉన్న పండు ఎంత ఎండినా మెత్తగానే ఉంటుంది, ఎందుకంటే అందులోని చక్కెరలు వేడికి మెత్తబడతాయి. అందుకే తూకం లెక్క పెట్టుకోండి. 10 కిలోలు 14 శాతం తేమతో వచ్చాయి. అంటే పొడి పదార్థం 8.6 కిలోలు. మనకు 6 శాతం కావాలి కాబట్టి 8.6ను 0.94తో భాగించండి, 9.15 వస్తుంది. ట్రేలన్నీ కలిపి ఆ బరువుకు రాగానే ఆపేయండి. ఒక పండును మూత పెట్టిన డబ్బాలో 20 డిగ్రీలకు చల్లార్చి వంచితే టక్కున విరగాలి. వంగితే ఇంకో గంట.

ఇక్కడ ఒక జాగ్రత్త. వచ్చిన సరుకు తేమను వేడిచేస్తూ తూచే ఇన్‌ఫ్రారెడ్ తూకం మీద 105 డిగ్రీల్లో కొలవకండి. ఫ్రక్టోజ్ ఆ వేడికి విరిగిపోయి బరువు తగ్గుతూనే ఉంటుంది, యంత్రం దాన్ని కూడా తేమగా చూపిస్తుంది. ల్యాబ్‌లో 70 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో కొలిపించండి. వాటర్ యాక్టివిటీ మీటరు కొనగలిగితే అదే మంచి పెట్టుబడి.

ఎండిన పండును గాలికి వదిలితే వానాకాలంలో మూత తీసిన బెల్లం డబ్బా ఏమవుతుందో అదే అవుతుంది. ఏలూరు, రాజమండ్రి గాలిలో తేమ 70 శాతం దాటే రోజులు ఎన్నో. అరగంట చాలు, పండు మళ్లీ జిగురవుతుంది. గదిలో తేమ 50 శాతం లోపు, వేడి 18 నుంచి 20 డిగ్రీలు. గాలిలోని తేమను లాగేసే డీహ్యుమిడిఫయర్ లేకుండా ఈ ఉత్పత్తి మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్తున్నాను. ఏసీ ఒక్కటే సరిపోదు.

ఎండాక తొడిమల పని చూడాలి. మల్బరీ మధ్యలో దూరి బయటికి పొడుచుకొచ్చే ఆ చిన్న కాడ ఎండితే పుల్లలా గట్టిపడుతుంది, నోటికి గుచ్చుకుంటుంది. పూర్తిగా ఎండిన పండును ఖాళీ కోటింగ్ పాన్‌లో (చాక్లెట్ పూత పట్టించే, గుండ్రంగా తిరిగే గిన్నెలో) కొద్ది నిమిషాలు తిప్పితే బయటికొచ్చిన కాడలు చాలావరకు విరిగిపోతాయి. మళ్లీ జల్లించండి.

బార్‌లోకి వద్దాం. పండును మొత్తంగా కాకుండా 4 నుంచి 6 మిల్లీమీటర్ల ముక్కలుగా వాడండి. ఎండు మల్బరీ లోపల గుల్లగా ఉంటుంది, మొత్తం పండు వేస్తే కొరికినప్పుడు బార్ ఆ చోటే విరుగుతుంది. కోసేముందు మూసిన సంచిలో 5 డిగ్రీలకు చల్లార్చండి, లేకపోతే బ్లేడుకు చుట్టుకుంటుంది. ముక్కలు మళ్లీ అతుక్కోకుండా కిలోకు 10 గ్రాముల కోకో పొడి అద్దితే చాలు. నూనె రాసిన సరుకు మాత్రం కొనొద్దు, ఆ నూనె చాక్లెట్‌లోని కొవ్వు అయిన కోకో బటర్‌ను మెత్తబరుస్తుంది.

బరువులో 12 నుంచి 18 శాతం పండు. 20 దాటితే ముక్కల మధ్యకు చాక్లెట్ పారదు, బార్ వెనక గాలి గుంటలు పడతాయి. మన ఆహార నిబంధనల ప్రకారం పండ్లు, గింజలు కలిపిన కాంపోజిట్ చాక్లెట్‌లో చాక్లెట్ కనీసం 60 శాతం ఉండాలి. ఈ కొలతలు ఆ గీతకు చాలా లోపలే ఉంటాయి.

పండు ఉష్ణోగ్రతను చాలామంది పట్టించుకోరు. 850 గ్రాముల డార్క్‌ను 31.5 డిగ్రీల్లో టెంపర్ చేసి, అందులో 20 డిగ్రీల పండు 150 గ్రాములు కలిపారనుకోండి. మొత్తం 30 డిగ్రీల లోపుకు జారుతుంది. మోల్డ్‌లో పోసేలోపే చిక్కబడుతుంది, మీరు వేడి పెంచుతారు, టెంపర్ చెదురుతుంది. పండును మూసిన డబ్బాలో 28 డిగ్రీలకు తెచ్చి కలపండి. 35 దాటిన పండు ఇంకా ప్రమాదం, ఉన్న మంచి స్ఫటికాలనే కరిగిస్తుంది.

మోల్డ్‌లో ముందు పలచగా ఖాళీ చాక్లెట్ పోసి, పండు కలిపింది దాని మీద పోసి, వైబ్రేట్ చేసి, చివర మళ్లీ సన్నటి పొరతో మూసేయండి. గుల్లగా ఉన్న ముక్కలు పైకే తేలతాయి, అంటే బార్ వెనకవైపు బయటపడతాయి. బయటపడిన ప్రతి ముక్కా గాలిలోని తేమను లోపలికి పీల్చే దారి. అందం కోసం పైన చల్లి అమ్మాలనుకునే వాళ్లు అల్యూమినియం ఫాయిల్ పొర ఉన్న కవరులో గట్టి సీలుతో ప్యాక్ చేయాలి. ఉత్త కాగితం చుట్టితే కరకరలాడే పండు నమిలే పండుగా మారుతుంది.

కొందరు ముక్కలకు ముందుగా బరువులో 3, 4 శాతం కరిగిన కోకో బటర్ పట్టిస్తారు. మంచి అలవాటే. అది తేమ ప్రయాణాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆపదు. తడి పండును దాంతో కాపాడొచ్చని అనుకోవద్దు. బాదం, జీడిపప్పుల కంటే మల్బరీకి ఒక మేలు ఉంది. దీనిలో నూనె తక్కువ, కనుక నూనె జారి బార్ తెల్లబడే బాధ చాలా తక్కువ.

కోటింగ్ పాన్‌లో మొత్తం పండుకు చాక్లెట్ తొడగడం అందంగానే ఉంటుంది, కష్టం ఎక్కువ. పొడవాటి పండు బంతిలా దొర్లదు, జంటలుగా అతుక్కుంటుంది. పొడుగు, లావులను బట్టి ముందే గ్రేడ్ చేయండి. పాన్‌లో మూడో వంతుకు మించి నింపొద్దు. నిమిషానికి 20 నుంచి 25 చుట్లు, 12 నుంచి 15 డిగ్రీల పొడి గాలి, 40 డిగ్రీల దగ్గర కరిగిన చాక్లెట్ కొద్దికొద్దిగా. వేసిన ప్రతిసారీ మెరుపు పోయి మసకబారే దాకా ఆగాలి. ఆగకపోతే జంటలు, గాలి మరీ చల్లగా ఉంటే బొడిపెలు. మొదటి చాక్లెట్ అంతా పండు సందులు పూడ్చడానికే పోతుంది, అందుకే ఒక కిలో పండుకు 2 నుంచి 3 కిలోల చాక్లెట్ పడుతుంది. ధర కట్టేటప్పుడు ఇది మరవొద్దు. కొసలు, మిగిలిన కాడల దగ్గర పొర పలచబడి సూదిరంధ్రాలు మిగులుతాయి, కొన్ని వారాలకు అక్కడే జిగురు కారుతుంది. 16 డిగ్రీల్లో ఒకరోజు గట్టిపడనిచ్చి రంధ్రాలున్నవి ఏరేయండి. పాలిష్ బదులు కోకో పొడి అద్ది పూర్తిచేయడం చిన్న యూనిట్‌కు సులువు.

పంచదార బదులు మల్బరీ పొడితో చాక్లెట్ చేయొచ్చా అని ఎక్కువమంది అడుగుతారు. చేస్తున్నారు, కానీ ఎక్కడ ఇరుక్కుంటారో తెలిసి దిగండి. చాక్లెట్‌లో 25 శాతం పొడి, అందులో 6 శాతం తేమ అంటే ఒక్క పొడి నుంచే 1.5 శాతం నీళ్లు. చాక్లెట్ రుబ్బే రాళ్ల యంత్రం మెలాంజర్‌లో ముద్దకట్టడానికి అది చాలు. పొడిని 2 శాతానికి దించాలి. ఇంకో అడ్డంకి ఉంది. పూర్తిగా పొడిగా ఉన్నా ఫ్రక్టోజ్ గాజులా గట్టిగా ఉండే స్థితి 5 డిగ్రీల దగ్గరే వదిలేస్తుంది, గ్లూకోజ్ 30 దగ్గర. పంచదార 60 దాటే దాకా నిలుస్తుంది. మెలాంజర్ లోపల 50 డిగ్రీలుంటే మల్బరీ చక్కెర రాళ్లకు జిగురులా పట్టేస్తుంది. చల్లబరిచిన పండును పాలపొడితో కలిపి మరపట్టి, సగం మిల్లీమీటరు జల్లెడలో గట్టి విత్తనాలు తీసేసి, కోకో బటర్ పుష్కలంగా ఉన్న మెలాంజర్‌లో చివర్లో వేయండి. రాళ్ల వేడి 40 దాటనీయకండి. అలా చేసినా లేబుల్ మీద ‘చక్కెర కలపలేదు’ అని రాయడానికి తొందరపడొద్దు. చక్కెరకు బదులుగా ఎండు పండ్ల ముద్ద వంటివి వేస్తే ఆ మాట వాడకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మధుమేహం ఉన్నవాళ్లు ఆ ఒక్క మాట నమ్మి కొంటారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నన్నడిగితే పొడికి సరైన చోటు ఫిల్లింగ్. తల్ఖాన్, లోక్ చేసేవాళ్లు నీళ్లు లేకుండా పండును, నూనె గింజను కలిపారు. చాక్లెట్ లోపలికి కావలసింది సరిగ్గా అదే. కిలోకు ఒక కొలత: మల్బరీ పొడి 350 గ్రాములు, వేయించిన జీడిపప్పు పేస్టు 450, మిల్క్ చాక్లెట్ 150, కోకో బటర్ 50, చిటికెడు ఉప్పు. అక్రోటు రుచి గొప్పదే కానీ దాని నూనె త్వరగా కనరెక్కుతుంది, పలాస జీడిపప్పు నిలకడగా ఉంటుంది. జీడిపప్పు నూనె బయటి చాక్లెట్ షెల్‌లోకి జారకుండా షెల్ మందం 2 మిల్లీమీటర్లు ఉంచండి.

ప్రశ్న: కాంపౌండ్‌లో (కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసే చాక్లెట్‌లో) వేస్తే టెంపరింగ్ బాధ ఉండదు కదా సార్?

టెంపరింగ్ బాధ ఉండదు, తడి బాధ పెరుగుతుంది. చాలా కాంపౌండ్లలో పామ్ కెర్నెల్ కొవ్వు ఉంటుంది. పండు నుంచి వచ్చిన తడి, బూజుల నుంచి వచ్చే లైపేజ్ ఎంజైము కలిస్తే ఆ కొవ్వు విరిగి లారిక్ ఆమ్లం బయటపడుతుంది. నోట్లో సబ్బు రుచి వస్తుంది. కోకో బటర్‌లో ఆ రుచి రాదు. కాంపౌండే వాడాలంటే పండును ఇంకా ఎండబెట్టండి.

ప్రశ్న: విరిగిన బార్లు, మిగిలిన ముక్కలు మళ్లీ కరిగించి వాడొచ్చా?

మామూలు చాక్లెట్‌లోకి వద్దు. పండు తునకలు మెలాంజర్‌లో నలిగితే లోపలి తడి, జిగురు చక్కెర మొత్తం బ్యాచ్‌కు పాకుతాయి. 45 డిగ్రీల్లో కరిగించి జల్లెడ పట్టి, వచ్చిన చాక్లెట్‌ను మల్బరీ బార్ల బ్యాచ్‌లోనే 5 శాతం మించకుండా కలపండి. జల్లెడలో మిగిలిన పండు పారేయాల్సిందే. జీడిపప్పు ఫిల్లింగ్ నింపిన ముక్కలు మాత్రం మళ్లీ ఆ ఫిల్లింగ్‌లోకే వెళ్లాలి, ఎందుకంటే జీడిపప్పు అలర్జెన్, దాన్ని వేరే బార్లలోకి రానివ్వకూడదు.